కొల్లేటి బంకమట్టి ఆత్మకథ

కొల్లేరు సరస్సు అడుగున ఉన్న నల్ల బంకమట్టి పుట్టింది నిప్పులో, పెరిగింది నీళ్లలో. ఈ కథ చెప్పుకుంటున్నది నర్సీపట్నంలో ఒక అలమరాకు చేరి, సీసాలో కూర్చున్న పిడికెడు ముద్ద. మట్టికి ‘నేను’ అనడం అలవాటు లేదు; తన సంగతైనా ‘బంకమట్టి’ అనే చెబుతుంది.

సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కనులో పారిన లావా చల్లారి నల్లరాయి అయింది. త్ర్యంబకంలో గోదావరి, మహాబలేశ్వరంలో కృష్ణ పుట్టేది ఆ రాతి మీదే. అది ఎండకూ వానకూ చివికి స్మెక్టైట్ అనే బంక ఖనిజంగా మారి, ఒండ్రుతో కలిసి కిందికి దిగింది. రెండు డెల్టాల నడుమ పల్లంలో నిలిచిన నీటి అడుగున సన్నని రేణువులు పేరుకున్నాయి. పక్క సీసాలోని నర్సీపట్నం ఎర్రమట్టిది వేరే వంశం. అది తూర్పు కనుమల ఖోండలైటు రాతి బిడ్డ. తడిస్తే ఈ నల్ల బంకమట్టిలా ఉబ్బదు.

తడి బంకమట్టిని వేళ్ల మధ్య నలిపితే గరుకు తగలదు. సబ్బులా జారి గోటి సందుల్లో నల్లగా ఇరుక్కుంటుంది. మీద బరువు పడితే మొదట మోసేది రేణువుల సందుల్లోని నీరే. సందులు మరీ సన్నం కనుక ఆ నీరు బయటపడడానికి ఏళ్లు పట్టవచ్చు. అది పోయేకొద్దీ భారం రేణువుల మీదికి వచ్చి పొర పలచబడుతుంది. ఈ లెక్కను 1925లో ఇంజినీరు కార్ల్ టెర్జాగి పుస్తకంగా తెచ్చాడు. ఈ కుంగుదలను కొలిచే పరీక్షకు 20 మిల్లీమీటర్ల మందం మట్టి బిళ్లను రింగులో బిగించి, రోజుకోసారి బరువు రెట్టింపు చేస్తారు. డయల్ ముల్లు మొదట గబగబా, తర్వాత నత్తలా కదులుతుంది. బరువంతా తీసేసినా వెనక్కి వచ్చేది కొంచెమే. నేల కుంగడంలో అసలు చిక్కు ఇదే.

బంకమట్టి దాయాది ఒకటి మెక్సికో నగరం కింద, పాత టెక్స్‌కోకో సరస్సు అడుగున ఉంది. అగ్నిపర్వత బూడిద నుంచి పుట్టిన ఆ మట్టిలో ఎండు బరువుకు మూడు నాలుగు రెట్లు నీరుంటుంది. బోర్లతో అడుగునీరు తోడడమే నగరం కుంగడానికి కారణమని 1947లో ఇంజినీరు నబోర్ కరీయో చూపాడు. 1910 నాటి స్వాతంత్ర్య స్తంభం కింది గట్టిపొర మీద నిలిచింది, చుట్టూ వీధి దిగిపోయింది. దాంతో స్తంభానికి 14 మెట్లు చేర్చాల్సి వచ్చింది.

కొల్లేటిది అంత నీటి మట్టి కాదు, స్వభావం మాత్రం అదే. లంకల్లో మెరక పోసిన వెంటనే గోడలు లేపితే, ఒక మూల ఎక్కువ దిగి గోడ బీటలిస్తుంది. మెరకను కొంతకాలం కుంగనివ్వాలి, లేదా పునాదిని గట్టిపొర దాకా దించాలి. ఏది చేయాలో ఇల్లు కట్టేవారు మేస్త్రీని అడిగే ముందు మట్టి పరీక్ష చేయించి తేల్చుకోవాలి.