మీకాలు గవాక్షము

ఇకమీదట మన మందిరమున తెలుగు ఆరాధన జరుగువేళ డోలకు మ్రోగింపరాదనియు, కంజిర తట్టరాదనియు, చప్పట్లు చరచరాదనియు, ఆరాధన గౌరవప్రదముగ నుండవలెననియు ఈ నెల మొదటి ఆదివారము కమిటీ పెద్దలు చదివి వినిపించిన తీర్మానమును ఆలకించినది మొదలు నా మనస్సు పొందుచున్న ఆనందము ఇంతింతని చెప్పరాదు. పరలోకమందలి దూతలు ఇన్నేండ్లుగ చెవులలో దూది పెట్టుకొని పడియుండిరనియు, మన పెద్దల కరుణచేత వారి కిప్పటికి కంటిమీదికి కునుకు వచ్చినదనియు తెలియుటకంటె విశ్వాసికి వేఱు భాగ్య మేమున్నది?

తీర్మానము పదిగంటల సర్వీసునకే గాని ఎనిమిదిగంటల ఇంగ్లీషు సర్వీసునకు వర్తింపదు. ఎందుకని అడిగినవాడు సంస్కారహీనుడు. అక్కడ గిటార్లు మూడు, డ్రమ్సు ఒక సెట్టు, గోడయంత తెర, మనిషెత్తు స్పీకర్లు రెండు గలవు; పిల్లలు కన్నులు మూసికొని, ఊగుచు, చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టుదురు; దానిని వర్షిప్ అందురు. రెండుగంటల పిమ్మట అదే పైకప్పు క్రింద, త్రాళ్లు వదులైన డోలకు నొకదానిని నమ్ముకొని ఆడువారు నలుగురు పాట యెత్తుకొందురు. దానిని గోల యందురు.

ఈ భేదము బోధపడక నేను కొంతకాలము చప్పట్లనే పరిశీలించితిని. చప్పట్లనగా ఒక అరచేయి మఱియొక అరచేతిని తాకుట; ఇంతవరకు ఉభయ సర్వీసులవారికి ఏకాభిప్రాయమే. ఎనిమిదిగంటల చేయి స్టీరింగును, కీబోర్డును ఎఱిగినది, మెత్తనిది. దాని చప్పుడు దూదిమీద దూది పడినట్లుండును. పదిగంటల చేయి మిరపకాయలు కోసినది, పొగాకు గ్రేడింగు చేసినది, ఇటుకలు మోసినది, కాయలు కాచినది. కొయ్యమీద కొయ్య కొట్టినట్లు మ్రోగును. కావున పెద్దల అభ్యంతరము దైవశాస్త్ర సంబంధమైనది గాక కేవలము చర్మశాస్త్ర సంబంధమైనదని తేలినది.

ఇంకొక సూక్ష్మము గలదు. ఎనిమిదిగంటల చప్పట్లు తెరమీద పాట కనబడిన పిమ్మట పుట్టి, పాటతోనే చచ్చును. పదిగంటల చప్పట్లకు తెరతో పనిలేదు. చదువురాని అవ్వ కంఠస్థమైన పల్లవిని ఎత్తుకొనగనే పుట్టి, అయ్యగారు ప్రసంగమునకు లేచినను చావవు. ఇది క్షమింపరాని అపరాధమే. దీనికి నాకు తోచిన ఉపాయము, చప్పట్లకు లైసెన్సు పెట్టుట. ఆదాయ ధ్రువపత్రమును, ఇంగ్లీషు మీడియము చదివినట్లు సర్టిఫికెట్టును, అమెరికాలో నున్న కుమారుని ఫోటోను జతపరచినవారికి పాటకు పదునాఱు. తక్కినవారికి క్రిస్మసునాడు రెండు.

చర్మమను మాట నోట వచ్చినది గనుక ఇక వేళాకోళము చాలింతును. ధాతకరువు రోజులలో, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యేటి యొడ్డున వెల్లంపల్లిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికసంఖ్యాకులు మాదిగవారు. ఆదివారము పనిచేయకుడు, చచ్చిన గొడ్డు మాంసము తినకుడు, విగ్రహములకు మ్రొక్కకుడు అని ఒంగోలు మిషనరీ క్లౌ దొర పెట్టిన నియమములను పట్టుకొని, ఊరి జాతరలో డప్పు కొట్టబోమని ఎదురుతిరిగినందులకు ఆ సంఘములవారు పనులు పోగొట్టుకొనిరి, దెబ్బలు తినిరి. వెట్టికి మ్రోగు వాద్యమును కాదనిన ఆ చేతులే పిదప తమ ఇష్టముచొప్పున, తమ దేవుని యెదుట, తమకు నచ్చిన వాద్యమును పట్టుకొన్నవి. దానిని లాగికొనుటకు మీ రెవరు? లాగికొనుచున్నవాడు దొర కాడు, ఊరి కరణము కాడు. ఆ చేతులు కూలికి పోయి చదివించిన మనుమడు! తాత యే పల్లెనుండి వచ్చెనో ప్రక్కవానికి తెలియునేమో యని వాడు వణకుచున్నాడు. ఆ వణకునకు గౌరవమని పేరు పెట్టినాడు. సిగ్గుచేటు.

పాతకీర్తనల పరువు పోవుచున్నదని వాపోవువారికి ఒక్కమాట. పురుషోత్తమ చౌధరిగారు (1803–1890) తమ కీర్తనలను కర్ణాటక రాగములలో, తాళమునకు నిలుచునట్లు గట్టిరి. తాళమనగా నేమో కమిటీవారు నిఘంటువు చూచుకొందురు గాక.

పరిశుద్ధ గ్రంథములో ఈ కమిటీకి తగిన అధ్యక్షురాలు ఒకతె గలదు. పేరు మీకాలు, నవ్వకుడు, సౌలు రాజు కుమార్తె. మందసము యెరూషలేమునకు వచ్చువేళ ఆమె భర్త దావీదు రాజు నారయేఫోదు కట్టుకొని గంతులు వేయగా ఆమె కిటికీలోనుండి చూచి ఈసడించెను. నాట్యము పాపమని ఆమె యనలేదు. పనికత్తెలు చూచుచుండగా రాజు ఎగురుట తప్పనెను. ఆ పనికత్తెలే తనను ఘనపరతురని దావీదు బదులు చెప్పెను. మన మందిరమునకు ఎన్ని కిటికీలు గలవో నేను మొన్న లెక్కపెట్టితిని.

తీర్మానము చదివిన నాడే అమలు కూడ అయినది. నా ముందు వరుసలో కూర్చుండు ముదుసలి పాట మొదలుకాగానే అలవాటుచొప్పున చేతులెత్తగా, బ్యాడ్జీ తగిలించుకొనిన కుఱ్ఱవాడు వంగి, "మామ్మగారూ, మెల్లగా" అని చెవిలో చెప్పెను. ఆమె చేతులు రెండును కొంగులో దాచుకొనెను. తరువాతి ఆదివారము ఆమె రాలేదు. కాలువగట్టుమీది రేకులషెడ్డులో, పెంతెకొస్తువారి కూటములో కనబడినదట. మన తెలుగు సర్వీసువారు రేకులషెడ్లకు ఏల తరలిపోవుచున్నారో విచారించుటకు కమిటీవారు ఉపసంఘము నొకదానిని వేయనున్నారు. దాని తొలి సమావేశము ఎనిమిదిగంటల సర్వీసు ముగియగనే, కాఫీ టిఫినులతో.