మా ఇల్లు 2012 జూన్ 3

‘సర్వర్లో ఏముందో అదే ఫైనల్.’ ఈ వారం సర్కారు ఆఫీసు పెద్దసారు సెలవిచ్చిన ఈ ముక్క మీకూ చేరే ఉంటుంది. మా వీధి వాట్సాప్ గ్రూపులోకి పదకొండుసార్లు వచ్చింది. మన ఇంటి నంబర్లు, ఆధార్ నంబర్లు ఎక్సెల్లో కొట్టి అప్‌లోడ్ చేసిన షీటుకు సవరణల్లేవట, కాగితాలు పట్టుకుని కౌంటరు దగ్గరకు రావొద్దట. సర్వర్లో మన బతుకు ఎలా ఉందో చూసుకుందామని నా పేరు కొట్టాను. ఇంటి నంబరు గడిలో 03-06-2012 అని ఉంది.

మా గుమ్మం మీద నాన్న నీలం రంగుతో రాయించింది 3-6-12. నలభై ఏళ్లుగా పోస్టుమ్యాన్, పాలవాడు, చీటీల వసూలుకొచ్చే ఆవిడ అందరూ దాన్ని ఇల్లనే అనుకుంటున్నారు. ఎక్సెల్ పంతులుగారు ఒక్క చూపులో కనిపెట్టేశారు. అది ఇల్లు కాదు, ముహూర్తం.

పంతులుగారని ఊరికే అనడం లేదు. అంకెల మధ్య ఓ గీత కనబడితే చాలు, ఆయన చెయ్యి పంచాంగం మీదికి పోతుంది. మనం అడగక్కర్లేదు, తాంబూలం పెట్టక్కర్లేదు. సర్వే నంబరు 12/3 అని కొట్టి ఎంటర్ నొక్కారా, మీ పొలం మార్చి 12 అయి కూర్చుంటుంది. ఏ ఏడాది మార్చి అంటే, టైపు కొట్టిన ఏడాది మార్చి. పల్లెలో 2-64 నంబరు ఇల్లు 1964 ఫిబ్రవరి అవుతుంది. అమెరికా పద్ధతి పెట్టుకున్న కంప్యూటరు తగిలితే మా ఇల్లు జూన్ 3 నుంచి మార్చి 6కి మారిపోతుంది. ఒక్క సామానూ మోయక్కర్లేదు.

మా వీధి ఇప్పుడు స్థలంలో లేదు, కాలంలో ఉంది. మొదటి ఇల్లు 3-6-1, అంటే 2001. చివరి ఇల్లు 3-6-99, అంటే 1999. ఎందుకంటే చివర్న 99 కనబడితే పంతులుగారు పోయిన శతాబ్దంలోకి వెళ్తారు. అలా మా వీధి 2001లో మొదలై 1999లో ముగుస్తుంది. పక్కింటివాళ్లు ఇన్నాళ్లూ గోడకవతల ఉన్నారనుకున్నాం. వాళ్లుండేది 2013 జూన్ 3న. గుప్పెడు చక్కెర అడగాలంటే 365 రోజులు నడవాలి. మా తమ్ముడి వాటాకు 3-6-12/ఎ అని తోక ఉంది. ఆ అక్షరం చూసి పంతులుగారు దాన్ని ముట్టుకోలేదు. ఒకే నడవాలో ఇటు మేం తేదీలో కాపురం ఉంటున్నాం, అటు వాడు ఇంట్లో ఉంటున్నాడు.

రియల్ ఎస్టేటు వాళ్లు అప్పుడే సర్దుకుని ఉంటారు. ‘మార్చిలో రెండెకరాలు, ఉగాదికి ఆనుకుని, క్లియర్ టైటిల్.’ ఆషాఢంలో పడిన ఇళ్లకు పెళ్లి సంబంధాలు రావు. మూఢంలో ఉన్న ఇంటికి పన్ను కట్టొచ్చా, మానొచ్చా? దీనిమీద పీఠాధిపతులు ఓ మాట సెలవిస్తే బాగుంటుంది.

ఇది ఇక్కడితో ఆగలేదు. తేదీ అన్నది పంతులుగారు పైకి కట్టే పంచె. లోపల ఉండేది రోజుల లెక్క. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని, అక్కణ్నుంచి రోజుకో అంకె కలుపుకుంటూ వస్తారు. ఆ లెక్కన మా ఇల్లు 41063. షీటును నేరుగా చదివే ప్రోగ్రాము పంచె వదిలేసి లోపలి అంకెను పట్టుకుంటే దొరికేది అదే. మొన్న ‘ఇం.నెం. 41063 వారికి’ అని నోటీసొచ్చింది. పోస్టుమ్యాన్ దాన్ని మా అరుగు మీద పెట్టి, ‘పేరు మీదే కదా సార్, ఎప్పుడు మారారు?’ అన్నాడు. ఎక్కడికి అనలేదు చూడండి, ఎప్పుడు అన్నాడు. పాపం, అతనికీ అర్థమైపోయింది.

పైగా ఆ పంచాంగంలో 1900 ఫిబ్రవరి 29 అనే రోజుంది. ఆ ఏడాది లీపు కాదు, అలాంటి రోజు భూమ్మీద తెల్లవారనే లేదు. పూర్వం లోటస్ 1-2-3 అనే పెద్దాయన చేసిన పొరపాటది. ఆయన ఫైళ్లతో లెక్క తేడా రాకూడదని ఎక్సెల్ దాన్ని అలాగే ఉంచుకుంది. గురువుగారి తప్పు శిష్యుడికి సంప్రదాయం.

పంతులుగారికి జడిసింది మనమొక్కళ్లమే కాదు లెండి. సెప్ట్1, మార్చ్1 అని మనిషి జన్యువులుండేవి. శాస్త్రవేత్తలు వాటిని గడిలో కొడితే సెప్టెంబరు 1, మార్చి 1 అయ్యేవి. చివరికి 2020లో జన్యువుల పేర్ల కమిటీవాళ్లే దిగొచ్చి సెప్టిన్1, మార్చ్‌ఎఫ్1 అని మార్చుకున్నారు. పంతులుగారి మాట నెగ్గింది, జన్యువులకు మళ్లీ బారసాల జరిగింది.

అదే 2020లో ఇంగ్లండులో ఇంకోటి జరిగింది. కరోనా పరీక్షల ఫలితాలను పాతకాలం ఎక్సెల్ ఫైల్లోకి ఎక్కించారు. అందులో పట్టేవి 65,536 వరుసలే. ఆపైన వచ్చినవి చప్పుడు లేకుండా రాలిపోయాయి. 15,841 కేసులు లెక్కలోకి రాలేదు. వాళ్లు ఎవరెవరిని కలిశారో వెతకడమూ ఆలస్యమైంది. ఘోరమే. అయినా బయటపడిన ఆ శని, ఆదివారాల్లోనే వాటిని లెక్కలో కలిపారు. సర్వర్లో లేరు కాబట్టి మీకు రోగం లేదు, ఇంటికి పొండి అని మాత్రం ఎవరూ అనలేదు.

మా పెద్దమ్మతో అన్నారు.

ఇందాక చెప్పిన 2-64 ఇల్లు ఆవిడదే. ఇంటి నంబరు పోతే పోయింది, ఆధార్ కూడా పోయింది. మామూలు గడిలో పదకొండు అంకెల దాకా ఉన్నదున్నట్టు కనబడతాయి. ఆధార్‌కు పన్నెండు. పన్నెండోది పడగానే గడిలో దశాంశ చుక్క, చివర ‘ఈ ప్లస్ 11’ ప్రత్యక్షమవుతాయి. షీటులో లోపల అసలంకె భద్రంగానే ఉంటుంది. కానీ సర్వర్ అడిగింది షీటును కాదు, సీఎస్‌వీ అనే ఉత్త అక్షరాల ఫైలును. అందులోకి పైకి కనబడిందే పోతుంది. మొదటి ఐదారంకెలు మిగిలి, వెనకవి సున్నాలవుతాయి. ఒకటో తారీకు పింఛను రాలేదు. ‘ఆధార్ సరిపోలలేదు.’

నాకు కంప్యూటరు మీద కోపం లేదు. అది అంకెలతో ఆడుకునే యంత్రం, దాని బుద్ధి దానిది. షీటు నమూనా ఇచ్చేవాళ్లు ఆ వరుసను ముందే టెక్స్ట్ అని పెట్టి ఇస్తే ఈ గొడవే లేదు. దానికి నాలుగు క్లిక్కులు చాలు. ఆధార్‌లో చివరి అంకె ముందున్న పదకొండింటిని బట్టి వచ్చేది, తప్పు పట్టుకోవడానికే పెట్టింది. సర్వర్ ఆ లెక్క ఒకసారి వేసి, ‘37వ వరుసలో ఆధార్ తప్పు, చూసి పంపండి’ అని తిప్పి కొట్టొచ్చు. ఇంతకీ మన సర్వర్ ఏం తనిఖీ చేసిందో తెలుసా? ఫైలు సైజు, ఫైలు పేరు. పేరులో మాటల మధ్య ఖాళీ ఉందని రెండుసార్లు వెనక్కి పంపింది. ఖాళీ తీసేసి పంపితే, డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి ఆధార్ వెనకాల వరసగా సున్నాలుంటే, పచ్చటి డబ్బాలో ‘సక్సెస్‌ఫుల్లీ అప్‌లోడెడ్’ అంది.

తప్పు ఎవరి గదిలో పుట్టిందో ఆ గదిలోంచే ‘ఫైనల్’ అనే మాట వచ్చింది. ఫైనల్ అనడానికి మీరెవరు? పింఛను రాక పెద్దమ్మ ఆ నెల రక్తపోటు బిళ్లలు సగం చేసి మింగింది. ఆ సగం బిళ్ల ఏ గడిలో అప్‌లోడ్ చేస్తారు?

పెద్దమ్మను తీసుకుని నేనూ వెళ్లాను, రావొద్దన్న కౌంటరు దగ్గరికే. కొంగు ముడి విప్పి, ప్లాస్టిక్ కవరు లోంచి కార్డు తీసి ఇచ్చింది. ఆపరేటరు కుర్రాడు కార్డు చూశాడు, స్క్రీను చూశాడు. మంచివాడు. వాడి పెన్‌డ్రైవులో మొదట కొట్టిన షీటు ఇంకా ఉంది. తెరిచి చూపించాడు, పన్నెండంకెలూ ఉన్నాయి. ‘నా దగ్గర కరెక్టుగానే ఉంది సార్. మళ్లీ ఎక్కించే బటన్ ఈ వారమే తీసేశారు’ అన్నాడు.

పెద్దమ్మ కార్డును మళ్లీ కవర్లో పెట్టుకుంటూ అడిగింది, ‘దిద్దడానికి మంచి రోజేమన్నా చూడాలా నాయనా?’

కుర్రాడు తలెత్తలేదు.