నేను 1151 పిన్నుల దాన్ని

నేను మదర్‌బోర్డుని. రకం హెచ్310, సాకెట్ ఎల్‌జీఏ 1151. మా రకం 2018లో బజారుకొచ్చింది. ఆ మీదట ఒక లాటులో కలిసి మాదాపూర్‌లోని ఒక ఆఫీసుకి చేరాను. ఆఫీసు పేరెందుకులెండి. సైబర్ టవర్స్ కనిపించే కిటికీ పక్కన, టేబుల్ కింద నా చోటు. 1998 నవంబరులో వాజ్‌పేయి వచ్చి ఆ గుండ్రటి భవనాన్ని ప్రారంభించారని, అప్పట్లో ఈ చుట్టుపక్కలంతా బండరాళ్లేనని కొత్తగా చేరినవాళ్లకి సీనియర్లు చెబుతుంటే విన్నాను. టేబుల్ కిందున్న దానికి కిటికీ ఎలా కనిపించిందని మాత్రం అడక్కండి.

నా సాకెట్ మీద మొదట్లో ఒక నల్లటి ప్లాస్టిక్ మూత ఉండేది. అసెంబ్లింగ్ కుర్రాడు ప్రాసెసర్ పెట్టి లీవర్ నొక్కగానే టప్పున ఊడి లేచింది. దాన్ని తీసి చెత్తబుట్టలో వేశాడు. అందరూ చేసే పనే. వారంటీలో బోర్డు వెనక్కి పంపాల్సివస్తే ఆ మూత పెట్టే పంపమంటారని, వంగిన పిన్నులుంటే సాధారణంగా వారంటీ వర్తించదని చాలామందికి అవసరం పడ్డాకే తెలుస్తుంది.

పిన్నులంటే గుండుసూదుల్లా నిటారుగా ఉంటాయనుకోకండి. బంగారు పూత పూసిన సన్నటి రేకు స్ప్రింగులు. అన్నీ ఒకే వాలుగా, నాటేసిన వరి మడిలా వరుసలు తీరి ఉంటాయి. పిన్నుకీ పిన్నుకీ మధ్య మిల్లీమీటరు ఎడం కూడా లేదు. పైనుంచి ప్రాసెసర్ బరువుగా ఆనితే ఒక్కోటీ కొద్దిగా కిందికి వంగి, ప్రాసెసర్ అడుగున ఉన్న చదునైన బిళ్లకి తగులుకుని ఉంటుంది. వంగడమే దాని ఉద్యోగం. పైనుంచి నొక్కితే ఏమీ కాదు, పక్కకి లాగితేనే చెడుతుంది.

ఈ తలనొప్పి మా పాతతరం బోర్డులకి లేదు. వాళ్ల కాలంలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉండేవి. 2004లో ఇంటెల్ ఎల్‌జీఏ775 తెచ్చి వాటిని బోర్డు మీదికి మార్చింది. అప్పట్నుంచి పిన్ను వంగితే నష్టం మాదే, చిప్పు మాత్రం భద్రం. ఏఎండీ వాళ్లు మామూలు డెస్క్‌టాప్‌లకి ఏఎం4 దాకా పాత పద్ధతే పట్టుకున్నారు. 2022లో ఏఎం5 దగ్గర వాళ్లూ ఇటే వచ్చారు, 1718 కాంటాక్టులతో.

2020 మార్చిలో లాక్‌డౌన్ అనగానే మమ్మల్ని క్యాబుల వెనక సీట్లలో పడేసి ఉద్యోగుల ఇళ్లకి పంపించారు. తిరిగొచ్చేసరికి ఆఫీసు నిండా ల్యాప్‌టాప్‌లే. మమ్మల్ని లాటుగా అమ్మేశారు. చేతులు మారి మారి కొండాపూర్‌లో ఒక హాస్టల్ గదికి వచ్చాను. ఓనర్ నరసరావుపేట వైపు అబ్బాయి. రాత్రిళ్లు ఇంటర్వ్యూలకి ప్రాక్టీసు చేసుకునేవాడు.

మే నెల. రేకుల కప్పు గది. నా ఫ్యాన్ హోరెత్తిపోతోంది. థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుందని, మార్చేద్దామని రూమ్మేట్ సలహా ఇచ్చాడు. సలహా మంచిదే. కాకపోతే పాత పేస్ట్ తుడవడానికి ప్రాసెసర్‌ని బయటికి తియ్యక్కర్లేదు. తీశారు. అంచుల్లోకి పేస్ట్ జారిందని పాత బనియన్ గుడ్డ ముక్కతో నా సాకెట్ చుట్టూ తుడిచారు. ఆ గుడ్డ అంచు నుంచి వేలాడుతున్న దారప్పోగు ఒకటి నా మూల వరుసలో చిక్కుకుంది. గుడ్డ లాగారు.

తర్వాత స్విచ్చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే లేదు. ర్యామ్ తీసి పెట్టారు, మానిటర్ కేబుల్ మార్చారు, యూట్యూబ్ చూశారు. సాకెట్ వైపు ఫోన్ టార్చి కొట్టి చూడాలని మూడో రోజుకి గానీ తట్టలేదు.

మావాడు హైటెక్ సిటీ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, ప్యారడైజ్‌లో దిగి, నన్ను ఒక బట్టల షాపు కవర్లో పెట్టుకుని పార్క్‌లేన్ వైపు నడిచాడు. అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని అందరూ సీటీసీ అంటారు. సైబరాబాద్‌లో ఎన్ని అద్దాల మేడలు లేచినా కంప్యూటర్ విప్పి చూడాలంటే జనం ఇంకా సికింద్రాబాద్‌కే వస్తారు. నాకైతే అందులో వింతేమీ కనిపించలేదు. రాసిన ప్రోగ్రామ్ తప్పయితే వెనక్కి తీసుకోవచ్చు. లాగిన పిన్నుని వెనక్కి తీసుకోవాలంటే చెయ్యి కావాలి.

రిపేరు అన్న నన్ను చూస్తూనే అన్నాడు: "డిస్‌ప్లే వస్తలేదా? సాకెట్‌ల చెయ్యి ఎవరు పెట్టిండ్రు తమ్మీ?"

"తుడిచామన్నా, అంతే."

"గుడ్డతోనా?"

మావాడు మాట్లాడలేదు.

అన్న ముందు ఏ పరికరమూ ముట్టుకోలేదు. టేబుల్ లైటు వంచి, నన్ను అటూ ఇటూ మెల్లగా తిప్పాడు. వాలు సరిగ్గా ఉన్న వరుసల మీద మెరుపు గీత గీసినట్టు సాగుతుంది, ఎక్కడ గీత తెగిందో అక్కడ పిన్ను వంగినట్టు. నాలుగు చోట్ల తెగింది. తర్వాత మైక్రోస్కోప్ కింద పెట్టి, సన్నటి సూది మొనతో ఒక్కో పిన్నునీ అది వంగిన దిక్కుకి ఎదురుగా కొద్దికొద్దిగా జరిపాడు. ఒక్క ఊపులో సరిచెయ్యడు. కొంచెం కదిపి, ఆగి, పక్క వరుసతో పోల్చి, మళ్లీ కదుపుతాడు. ముందుకీ వెనక్కీ ఆడిస్తే రేకు మెడ దగ్గర అలిసిపోతుందని ఆ చేతికి తెలుసు.

మూడు లేచి నిలబడ్డాయి. నాలుగోది విరిగింది.

"పోయింది" అన్నాడు అన్న, గొంతు పెంచకుండా. పిన్నుల మ్యాప్ ఫోన్‌లో తెరిచి చూశాడు. నా పిన్నుల్లో చాలావాటికి పనే గ్రౌండో పవరో. అలాంటిది ఒకటి పోతే పక్కవి ఆ భారం మోస్తాయి, ఎవరికీ తెలియదు కూడా. ఇది అలాంటిది కాదు, రెండో మెమరీ ఛానల్‌ది. ప్రాసెసర్ పెట్టి స్విచ్చేస్తే మొదటి స్లాట్లో ర్యామ్‌తో డిస్‌ప్లే వచ్చింది. రెండో స్లాట్ మాత్రం చచ్చిపోయింది.

"కొత్త సాకెట్ వేస్తారా అన్నా?"

వేస్తారు. బోర్డుని కింద నుంచి కాచి, పైనుంచి వేడిగాలి కొట్టి, 217 డిగ్రీలు దాటాక అడుగునున్న టంకం గోళీలు కరిగితే పాత సాకెట్ ఎత్తేసి కొత్తది కూర్చోబెడతారు. వేడి కొంచెం ఎక్కువైతే బోర్డు ఉబ్బుతుంది. ఇవన్నీ అన్న చెప్పలేదు. "నీ బోర్డు ధర కన్నా కూలే ఎక్కువైతది. పదహారు జీబీది ఒక్కటే ర్యామ్ వేసి నడుపుకో" అని, డబ్బాలో వెతికి ఎవరిదో పాత నల్ల మూత ఒకటి మావాడి చేతిలో పెట్టాడు. "చిప్పు తీస్తే ఇది పెట్టు. గుడ్డ పెట్టకు."

ఇప్పుడు ఒక్క ఛానల్‌తోనే నడుస్తున్నాను. వీడియో గేములో కొంచెం నత్తి వస్తుంది గానీ కోడింగ్‌కి ఇబ్బంది లేదు. నిన్న రూమ్మేట్‌కి ఎక్కడో సెకండ్‌హ్యాండ్ ఐ5 చవగ్గా కనిపించిందట. "మన ఐ3 తీసేసి అది వేసేద్దాం రా, పది నిమిషాల పని" అంటున్నాడు. మావాడు మూత ఎక్కడ పెట్టాడో వెతుకుతున్నాడు.