ముహూర్తం డ్రోనుకు కుదిరింది

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ ఎక్కని శుభకార్యం లేదు. పెండ్లి ఎక్కింది, ఓణీల పండగ ఎక్కింది, పంచెకట్టు ఎక్కింది. ఇప్పుడు సీమంతం ఎక్కింది. కడప తట్టు పోయే బస్సులో కూర్చున్నవాడికైనా, బద్వేలు నుంచి లారీ తోలుకొచ్చేవాడికైనా, ఫలానా వారి కోడలికి ఏడో నెల పడిందని తెలిసి తీరాలి. తెలుసుకుని వాడేం చేస్తాడంటే, గేరు మార్చి ప్రొద్దుటూరు రోడ్డు పడతాడు.

ఏర్పాట్ల వరస ఇట్లుంటుంది. మొదట ఫంక్షన్ హాలు ఖాళీ ఎప్పుడో చూస్తారు. తర్వాత డ్రోను ఎగరేసే ఫొటోగ్రాఫరు ఖాళీ, ఆ తర్వాత డెకరేషన్ వాళ్ల ఖాళీ. మూడూ కలిసిన రోజును తీసుకుపోయి అయ్యోరి ముందు పెడితే ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టి, దివ్యమైన ముహూర్తమంటాడు. పంచాంగం ఎంత సర్దుకుపోయే పుస్తకమో సీమంతం చేసినవాళ్లకే తెలుస్తుంది. చూలాలిని మాత్రం "నీకు ఆ రోజు ఓపికుంటుందా పాపా" అని అడిగేవాళ్లుండరు. ఆమెనడిగేది ఏముంది, వేదిక మీద ఉండాల్సిన సామాన్లలో ఆమె కూడా ఒకటి.

ఇంత హంగామా ఎందుకు నాయనా అని ఎవరైనా నోరు తెరిస్తే, మన సంప్రదాయం అని ఒక్క మాటతో మూయిస్తారు. సరే, సంప్రదాయాన్నే అడుగుదాం. ఆశ్వలాయన గృహ్యసూత్రంలో ఈ తంతు ఉంది. నాలుగో నెలలో చేయమంటుంది. సామాను పట్టీ చాలా చిన్నది: పచ్చికాయల గుత్తి ఒకటి, మూడు తెల్లమచ్చలున్న ఏదుముల్లు ఒకటి, దర్భ కట్టలు మూడు. వాటితో మొగుడు పెండ్లాం జుట్టును పైకి దువ్వి పాపిట తీయాలి. వీణ వాయించేవాళ్లు ఇద్దరు పాడాలి. ఆ జంట ఏ నది దాపున కాపురముంటే ఆ నది పేరు అందులో తలచుకోవాలి. ఆపైన పెద్ద ముత్తైదువలు ఏం చెబితే అది చేయాలి. దక్షిణ ఒక ఎద్దు. అంతటితో సరి.

ఈ లెక్కన మనం కుందూ పేరు తలచుకోవాలి. హాలులో కుందూ ఊసెత్తిన పుణ్యాత్ముడు నాకింతవరకు తగల్లేదు. పాపిట తీయాల్సిన మొగుడేమో కువైట్‌లో డ్యూటీలో ఉంటాడు, ఎల్‌ఈడీ తెర మీద వీడియో కాల్‌లో కనబడి చెయ్యూపుతాడు. నెట్టు ఆగినప్పుడు నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలబడిపోతాడు. వీణలు లేవు, డీజే ఉంది. ఏదుముల్లు లేదు, పొగ వదిలే మిషను ఉంది. దక్షిణకు ఎద్దు లేదు గానీ, ఎద్దును అమ్మినా తీరని బిల్లు ఉంది. సూత్రం రాసిన మహానుభావుడు ఈ హాలులోకి అడుగుపెడితే, తప్పు అడ్రసుకొచ్చానని వెనక్కి తిరుగుతాడు.

ఇంకో రకం ఉన్నారు. వీళ్లకు సంప్రదాయం ఒక్కటే చాలదు, సైన్సు కూడా కావాలి. గాజుల గలగలకు కడుపులోని బిడ్డ మెదడు చురుకవుతుందనీ, మన పెద్దలు సీమంతంలో దాచిన రహస్యం ఇదేననీ వాట్సాప్‌లో తిప్పుతుంటారు. ఆరో నెల దాటాక బిడ్డ బయటి చప్పుళ్లకు కదులుతుందన్నంతవరకు నిజమే. ఆ చప్పుడు పచ్చగాజులదే కావాలని ఏ డాక్టరమ్మా చీటీ రాయలేదు. పోనీ, గాజుల చప్పుడుకే మెదడు పెరుగుతుందనుకుందాం. మరి అదే హాలులో గోడలు అదిరేలా మోగే డీజే పెట్టెల చప్పుడుకు ఏం పెరుగుతుంది? దీని మీద ఫార్వర్డు ఇంకా రాలేదు.

వేదిక దగ్గరికి పోదాం పాండి. నడుమ రాజుగారి సింహాసనం లాంటి కుర్చీ. అందంగా ఉంటుంది, వీపు మాత్రం ఆనదు. అందులో ధర్మవరం పట్టుచీర, మెడలో గజమాల, మోచేతుల దాకా గాజులు. ఇవి చాలవన్నట్టు ఏడు నెలల పొట్ట మీద వడ్డాణం. అది నిలవదు, జారుతుంది. పిన్నీసులు పెట్టి చీరకు బిగిస్తారు. ముందు బల్ల మీద తట్టలు: చిత్రాన్నం, దద్దోజనం, చక్కెర పొంగలి, పోళిగలు, కర్జికాయలు, నిప్పట్లు, చలిమిడి ముద్ద. చూసేవాళ్లకు నోరూరుతుంది. ఆమెకు పొద్దున తాగిన కాఫీ తప్ప కడుపులో ఏమీ లేదు.

"సూడు పాపా, పోళిగ నోటికాడికి తే... తినాకు, తినాకు, లిప్‌స్టిక్ పోతాది... ఆ, అట్లే పట్టుకో. కొంచెం నవ్వు."

ఫొటోగ్రాఫరు చెప్పినట్టే, పాపం, నవ్వుతుంది. ఆ పోళిగనే అత్త తినిపించినట్టు ఒకసారి, అమ్మ తినిపించినట్టు ఒకసారి, ఆడబిడ్డలు వరసగా నిలబడి తినిపించినట్టు ఇంకోసారి తీస్తారు. ఎవరూ తినిపించరు. కింద మొదటి బంతి లేస్తుంది, రెండో బంతి లేస్తుంది, మూడో బంతిలో డ్రోను అబ్బి కూడా తిని చెయ్యి కడుగుతాడు. ఎవరి ఆకలి తీర్చడానికి ఈ పండగ పుట్టిందో ఆమె విస్తరి ముందుకొచ్చేసరికి చిత్రాన్నం చల్లారి బిరుసెక్కి ఉంటుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత ఉంది. డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే ఆ లెక్కలోకి వస్తారు. అంటే ఈ సింహాసనాల మీద కూర్చునే ప్రతి ఇద్దరిలో ఒకరి ముఖానికి మేకప్ తెచ్చిన ఎరుపే గానీ ఒంట్లో ఎరుపు తక్కువ. సర్కారు ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, కడుపుతో ఉన్నప్పుడు 180 రోజులు మింగాలి. ఆ మాత్రలు బీరువా మీద దుమ్ము పట్టి ఉంటాయి. వడ్డాణం ఎన్ని తులాలో హాలంతటికీ తెలుసు. ఆమెకు రక్తం ఎన్ని గ్రాములో అడిగి చూడండి, మొగుడు పక్కకు చూస్తాడు.

ఇక అమెరికా సరుకు. 2008లో జెన్నా కార్వునిడిస్ అనే ఆవిడ కేకు కోసి, లోపలి రంగును బట్టి పుట్టేది ఆడబిడ్డ అని నలుగురికీ చెప్పింది. ఆ ముచ్చట లోకమంతా పాకి ఆవిడకే వెగటు పుట్టింది. 2020లో కాలిఫోర్నియాలో ఇట్లాంటి వేడుకకే కాల్చిన పొగబాంబు అంటుకుని 22 వేల ఎకరాలకు పైగా తగలబడింది, మంటలార్పే ఉద్యోగి ఒకరు చనిపోయారు. డల్లాస్‌లో మనవాళ్లు ఈ కేకు కోస్తే మైదుకూరులో కోయకుండా ఉంటామా? ఇక్కడ 1994 నాటి చట్టం ప్రకారం కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడం నేరం, మూడేళ్ల దాకా జైలు. అందుకని మన తెలివిగలవాళ్లు ఓటింగు పెట్టారు. గులాబీ డబ్బా ఒకటి, నీలం డబ్బా ఒకటి, వచ్చినవాళ్లు తలా ఒక చీటీ వేయాలి. సరదాకే అంటారు. చీటీలు లెక్కపెట్టినప్పుడు చూడాలి ఆ సరదా. నీలానికి బ్రహ్మాండమైన మెజారిటీ, గులాబీకి డిపాజిట్ కూడా దక్కదు. ఆడబిడ్డ ఇంకా పుట్టనే లేదు, మేనత్తలూ పెద్దమ్మలూ కలిసి ఆమెను ఓడించేశారు. ఈ ఆటకు చప్పట్లు కొట్టేవాళ్ల మధ్య నేనూ కూర్చున్నాను గానీ చేతులు కలపబుద్ధి కాలేదు.

అన్నిటికంటే నాకు కంపరం పుట్టించేది వేదిక మీద లేదు. హాలు వెనక వంటపాత్రల దగ్గర ఉంది. కూతురికి సారె తెచ్చిన తల్లి, పసుపు పంట మీద అప్పు తెచ్చి గాజులూ చీరా తట్టలూ మోసుకొచ్చిన తల్లి, మొగుడు పోయినందుకు ఆ పక్క నిలబడి ఉంటుంది. ముందుకొస్తే అశుభమట. ఆమె తెచ్చిన డబ్బుకు అశుభం లేదు, ఆమె వండిన చలిమిడికి లేదు, రేపు కాన్పయ్యాక నెలల తరబడి బాలింతకు నీళ్లు పోసే ఆమె చేతికీ లేదు. బిడ్డ నొసట కుంకుమ పెడితే మాత్రం వస్తుంది. పిల్లలు పుట్టని చిన్నమ్మకూ ఇదే శిక్ష. సంప్రదాయంలో వీణను వదిలేశారు, దర్భలను వదిలేశారు, కుందూను వదిలేశారు. ఈ ఒక్కటి మాత్రం పట్టిన పట్టు విడవకుండా కాపాడుకొస్తున్నారు.

ఖర్చు సంగతి పొడిగించను. అత్తసొమ్ము అల్లుడు దానం అన్న సామెత ఈ హాళ్ల కోసమే పుట్టినట్టుంది. తొలి కాన్పుకు మాతృవందన పథకం కింద కేంద్రం ఇచ్చే 5,000 రూపాయలు, గాలి బుడగల తోరణం దగ్గరే అయిపోతాయి.

సీమంతం వద్దనే మాట నేననను. ఇరుగుపొరుగు ఆడవాళ్లు తలా ఒక గిన్నె తెచ్చి, ఏం తినబుద్ధవుతుందే అని అడిగి, కూర్చోబెట్టి తినిపించి, గాజులు తొడిగి పుట్టింటికి పంపే ఆ పాత పద్ధతికి వంక పెట్టేవాడెవడు? 2018లో మొదలైన పోషణ్ అభియాన్ కింద అంగన్‌వాడీల్లో సామూహిక సీమంతాలు చేస్తున్నారు. పసుపు కుంకుమ, గాజులు, పండ్లు, తినాల్సిన తిండి గురించి నాలుగు మాటలు. అక్కడా నాయకుడొస్తే ఫొటో తప్పదనుకోండి, కానీ తట్టలో తిండి తినడానికే పెడతారు.

కాబట్టి హాలు బుక్ చేసుకున్న పెద్దలారా, మీ సంబరం మీరు చేసుకోండి. ముందు ఆ పిల్లకు అన్నం పెట్టండి, వడ్డాణం విప్పండి, వెనక నిలబడిన తల్లిని పిలిచి మొదటి గాజు ఆమె చేత తొడిగించండి. ప్రతి నెలా 9న సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు పరీక్ష, రక్త పరీక్ష ఉచితంగా చేస్తారు. 2016 నుంచి చేస్తున్నారు. దానికి ముహూర్తం చూడక్కర్లేదు.