శునకసీమంతము

ఇక పెంపుడు కుక్కలకు సీమంతము చేయనివారిని నిర్దయులుగా లెక్కించు కాలము వచ్చినది. ఫోను తెఱచిన ప్రతివారును చూచియే యుందురు గనుక వర్ణింప బనిలేదు: ఒంటికి పట్టుగుడ్డ, మెడలో బంతిపూలదండ, ముందుకాళ్లకు గాజులు, నుదుట నిలువక ముక్కుమీదికి జారిన కుంకుమ, చుట్టును ఫోనులెత్తిన ముత్తైదువులు, వారి నడుమ, తానెవరికేమి యపకారము చేసితినో తెలియక దీనముగా చూచుచున్న ఒక లాబ్రడార్.

నాకు తోచిన మొదటి సందేహము ముహూర్తమును గూర్చినది. సీమంతోన్నయనమును గృహ్యసూత్రకారులలో నాలుగవ నెలలో చేయుమన్నవారును, ఆఱవ, ఎనిమిదవ నెలలలో చేయుమన్నవారును గలరు. మన యిండ్లలో ఏడవ నెలయో తొమ్మిదవ నెలయో చూచుకొందురు. శునకజాతికి గర్భధారణకాలము సుమారు 63 దినములు. నాలుగవ నెల వచ్చునప్పటికి గర్భస్థశిశువులు గర్భమును వీడి, గుమ్మము దాటి, పొరుగువారి చెప్పులు కొఱుకుచుండును. కావున మన నవీన ధర్మశాస్త్రజ్ఞులు మాసములను వారములుగా సవరించియుందురు. ఆ సవరణను ఏ పీఠాధిపతి యామోదించెనో వారే సెలవీయవలెను.

అంతకంటె చిక్కు కేశములది. ఆ సంస్కారమునకు ప్రాణము పాపట తీయుట. అదియును భర్త స్వయముగా ఏదుపంది ముల్లును, మేడికాయల గుత్తిని, దర్భలను చేతబట్టి, భార్య వెండ్రుకలను పైకి పాయదీయుట. తల మొదలు తోక వఱకు కేశపాశమే యైన యీ గర్భవతికి పాపట నెచ్చట మొదలిడి యెచ్చట ముగింపవలెను? పోనిండు, ముక్కుకొన నుండి తోకకొన వఱకు తీయుదమన్నను, తీయువాడేడి? భర్తగారు ఏదో కాలనీలో గేటువెనుక గొలుసున నున్నారు. ‘క్రాసింగ్’ అను పేర నొక మధ్యాహ్నము అమ్మాయిని కారులో నెక్కించుకొనిపోయి, వరుని యజమానికి రుసుము చెల్లించియో, పుట్టబోవు కూనలలో నొకదాని నిత్తుమని యొడంబడిక చేసికొనియో తిరిగివచ్చిరి, దాంపత్యమంతటితో పరిసమాప్తము. అట్టి అల్లునికి శుభలేఖ పంపితిరా? పంపనిచో ఆయన వంశమున కవమానము. పంపినచో, ఆయన వచ్చి మేడికాయలగుత్తిని వాసన చూచి, కాలెత్తక మానునని ఏ పురోహితుడు హామీ యీగలడు?

వైణికులచేత సోమరాజును గానము చేయించు విధియును సూత్రములలో గలదు. వీణ మీటినంతనే మోర యెత్తి యూళ పెట్టు జాతి యిది గనుక, వైణికుని ముందుగనే హెచ్చరించుట మంచిది.

ఇక విందు. పరమాన్నములో ఎండుద్రాక్షలుండును, అవి కుక్క మూత్రపిండములను చెఱచును. చాక్లెట్ కేకు కోయించువారును గలరు. అందలి థియోబ్రోమిన్ దాని గుండెకు కీడు.

నేను శునకద్వేషిని గాను. పరుండబోవు ముందు పఱుపు చుట్టును ప్రదక్షిణములు చేసి, తుదకు దానిని నిరాకరించి, గుమ్మములోని చెప్పులపై తలయానించి నిద్రించు కుక్కను. గ్యాసుబండ తెచ్చువానిని దండెత్తివచ్చిన శత్రురాజుగా భావించి వీధి దద్దరిల్లునట్లు మొఱిగి, గోడదూకివచ్చిన పిల్లిని చూచి మంచము క్రింద దూఱు కుక్కను. స్నానమను మాట వినబడినంతనే చెవిటిదగు కుక్కను. ఇంటిలో జ్వరపడినవారి మంచము కోటిని విడువక, అన్నము పెట్టినను అక్కడికే తెమ్మనునట్లు చూచు కుక్కను చూచి ముచ్చటపడనివాడెవడు? ఇన్ని వింతలు దానికే యుండగా మన వింతలను దాని నెత్తిన రుద్దుట యెందులకు? ఈనబోవు కుక్క కోరునది పేరంటము గాదు, చీకటిమూల. పాతగుడ్డలను గోళ్లతో గీరి పోగుచేసి తన గూడు తానే కట్టుకొనును. గడ్డివాములున్న దినములలో వామి క్రింద తొలుచుకొని చేరెడిది. ఇంటివారు మూకుడులో గంజి పోసి, పిల్లలను అటు పోవలదని గద్దించి, తామును తొలగిపోయెడివారు. వారికి సీమంతముల ఫొటోలు లేవు, ఆ పాటి యింగితముండెను.

హాస్యమిక చాలును. ఈ అమ్మమ్మలును తాతలును కూనలు పుట్టిన పిమ్మట నేమి చేయుచున్నారు? అమ్ముచున్నారు! గాజుల ఫొటో పెట్టిన ఫోనులోనే ‘ఒరిజినల్ బ్రీడ్, మగదానికింత, ఆడదానికింత’ యని ప్రకటించి అడ్వాన్సులు పుచ్చుకొనుచున్నారు. 8 వారములు నిండని కూనలను విక్రయింపరాదని 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నియమములు చెప్పుచుండగా, కన్నులు తెఱచి పక్షము దాటకముందే పాలు విడిపించి అట్టపెట్టెలలో పంపువారున్నారు. తల్లి గదిగదికిని తిరిగి, మూలమూలను వాసన చూచి మూల్గును. ఆ మూలుగునకు వీడియో తీయరు. మఱల ఋతువు రాగానే మఱల కారు, మఱల క్రాసింగ్. ఇది వ్యాపారమని చెప్పుకొన్నచో నేను నోరెత్తను; ‘మా చిన్నమ్మాయి’ యని పిలుచుచు చేయుదురా? కూతురి సంతానమును వెలకట్టి అమ్ముకొనుటకు సిగ్గుండవలదా?

జనమేజయుని సత్రయాగమున తన కొడుకును నిరపరాధిని కొట్టిరని దేవశునకి యగు సరమ రాజసమక్షమున నిలిచి యడిగినది. మాఱు పలుకు రాకపోగా శపించినది. ఆదిపర్వమును అలమరలో నలంకారముగా నుంచుకొన్న యిండ్లలోనే యీ బేరములు జరుగుచున్నవి. వీరి యదృష్టము, వీరి కుక్కలకు సరమ నోరు లేదు.

సైబీరియా మంచులో బండ్లు లాగుటకు పుట్టిన హస్కీని, దాని రెండు పొరల బొచ్చుతో సహా, విజయవాడ వేసవిలో పెంచి, ఏసీ బిల్లును తమ త్యాగముగా చెప్పుకొనువారి సంగతి వేఱొకసారి. కొల్లేటి దిక్కున బాతులమందలను కాచుచు, నేలలో గుంత త్రవ్వుకొని చల్లగా పరుండు మన జోనంగి కుక్క వీరి కంటి కానదు. దానికి గాజులు తొడిగిన నెవరు చూతురు?

మా వీధిలో నొకరు రాబోవు శుక్రవారము సీమంతమునకు రమ్మని నన్నును పిలిచిరి. రాలేనని చెప్పి పంపితిని. ఈనిన పిమ్మట బాలింతకు గంజియు గ్రుడ్లును మా యింటినుండి వచ్చును. కూనలకు 8 వారములు నిండు దినమున మాత్రము పిలువకున్నను నేనే పోయెదను, తల్లిప్రక్క నెన్ని మిగిలియున్నవో లెక్కపెట్టుటకు.