అనుమానాల ఇంజనీరింగ్

సివిల్ ఇంజనీరింగ్ అంటే నాలుగేళ్లపాటు దేన్నీ నమ్మకూడదని నేర్పే చదువు. మట్టిని, సిమెంటును, బరువును, చివరికి లెక్క వేసిన తన చేతిని కూడా నమ్మకుండా కట్టడాన్ని నిలబెట్టడమే ఇందులోని విద్య. అనుమానం పెనుభూతమన్న సామెత ఈ శాఖకు వర్తించదు. ఇక్కడ అనుమానమే పునాది.

పేరుతోనే మొదలుపెట్టవచ్చు. 18వ శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన జాన్ స్మీటన్ తాను సివిల్ ఇంజనీరునని చెప్పుకున్నాడు. సైన్యానికి కట్టేవాడు మిలిటరీ ఇంజనీరు, జనానికి కట్టేవాడు సివిల్ ఇంజనీరు అన్నది విభజన. తెలుగునాట ఈ గోడ తొలి పాఠంలోనే బీటలు వారుతుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి, గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహమై నిలిచిన కాటన్ దొర సాక్షాత్తు సైన్యపు ఇంజనీరే.

ఈ చదువులో చేరడం వెబ్ ఆప్షన్లతో మొదలవుతుంది. చాలామంది జాబితాలో కంప్యూటర్ సైన్సు, దాని తోబుట్టువులు పైన ఉంటాయి, సివిల్ అట్టడుగున ఉంటుంది. పునాది ఎప్పుడూ అడుగునే ఉంటుందని ఆ బ్రాంచివాళ్లు సర్దిచెప్పుకుంటారు. సివిల్ చదువుతున్నారని తెలిస్తే పెళ్లిళ్లలో సగంమంది చుట్టాలు అది కలెక్టరు చదువనుకుంటారు. తక్కిన సగం తమ ఇంటికి ఊరికే ఒక ప్లాను గీసిపెట్టమంటారు.

తరగతి గది దాటి చేసే తొలి పని సర్వే. గొలుసు, రేంజింగ్ రాడ్లు, లెవెలింగ్ స్టాఫ్ మోసుకుని విద్యార్థులు బృందాలుగా ఎండలోకి వెళతారు. పాత డంపీ లెవెల్ దుర్భిణిలో స్టాఫ్ తలకిందులుగా కనిపిస్తుంది. బయల్దేరిన బెంచ్‌మార్కుకే తిరిగివచ్చి చూస్తే మొదటి ఎత్తూ చివరి ఎత్తూ కలవాలి. కలవకపోతే ఆ తేడాను క్లోజింగ్ ఎర్రర్ అంటారు. మళ్లీ ఎండలో నడవాలా, చెట్టు కింద కూర్చుని అంకెలు సర్దాలా అన్నది విద్యార్థి శీలానికి పెట్టే పరీక్ష. తేడా సున్నా అని రాసుకొచ్చిన బృందాన్నే అధ్యాపకుడు ముందుగా అనుమానిస్తాడు.

తరవాతి ముద్దాయి మట్టి. ఇంగ్లిషు పాఠ్యపుస్తకాల్లో 'రేగర్' అని కనిపించే నేలను బట్టీ పట్టిన రైతుబిడ్డకు, అది తన పొలంలోని రేగడేననీ, పుస్తకమే తెలుగు మాటను అరువు తెచ్చుకుందనీ ఆలస్యంగా తెలుస్తుంది. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలిస్తుంది. దానిమీద తేలికగా వేసిన పునాది ఏడాది పొడవునా ఉయ్యాల ఊగుతుంది. మట్టి గుణం తేల్చడానికి దాన్ని ముద్ద చేసి, కాసగ్రాండే గిన్నెలో పరిచి, మధ్యలో గాడి చీల్చి, గిన్నెను ఎత్తి కొడతారు. సరిగ్గా 25 దెబ్బలకు గాడి మూసుకుంటే అప్పటి తేమ శాతమే లిక్విడ్ లిమిట్. ఒక్కోసారి 25వ దెబ్బకు మట్టి లొంగదు, రికార్డు మాత్రం లొంగుతుంది.

కాంక్రీటుదీ ఇదే కథ. 150 మిల్లీమీటర్ల ఘనాలు పోసి, 28 రోజులు నీళ్లలో నానబెట్టి, యంత్రంలో పెట్టి పగలగొడతారు. ఎం20 అంటే ఆ వయసుకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాలన్న మాట. అంత పరీక్షించాక కూడా ఐఎస్ 456 నియమావళి దాన్ని నమ్మదు. మామూలుగా రాగల బరువును ఒకటిన్నర రెట్లు చేయమంటుంది, కాంక్రీటు బలాన్ని 1.5తో భాగించమంటుంది. సంబంధాలు చూసే పెద్దలు పాటించేదీ ఈ సూత్రమే: పెళ్లి ఖర్చు చెప్పినదానికి ఒకటిన్నర రెట్లు, పెళ్లికొడుకు జీతం చెప్పినదాంట్లో మూడింట రెండు వంతులు.

భవనానికి రూపమిచ్చే విద్య ఆర్కిటెక్చర్. ఆ డిగ్రీకి అయిదేళ్లు. ఆర్కిటెక్టు గాలిలో తేలే బాల్కనీ గీస్తాడు, సివిల్ ఇంజనీరు దానికింద స్తంభం పెడతాడు, వాస్తు సిద్ధాంతి ఆ స్తంభాన్ని రెండడుగులు జరుపుతాడు. ముగ్గురూ వెళ్లాక మేస్త్రి తనకు తోచినట్టు కడతాడు. ఇందులో నవ్వులాట కాని సంగతి ఒకటుంది. ఒకవైపే ఆనిన బాల్కనీకి, సన్‌షేడుకు సాగదీసే బలం పైభాగంలో పడుతుంది గనుక ముఖ్యమైన కడ్డీలు పైనే ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు వాటిని తొక్కి కిందికి దించేస్తే సెంట్రింగ్ విప్పిన రోజే అది కూలవచ్చు.

చివరి మెట్టు నిర్మాణ నిర్వహణ. ఇక్కడ అనుమానం కాలం మీదికి మళ్లుతుంది. 1950ల చివర అమెరికా నౌకాదళం జలాంతర్గామి క్షిపణుల కార్యక్రమం కోసం రూపొందించిన పెర్ట్ పద్ధతిలో ప్రతి పనికీ మూడు గడువులు వేస్తారు. మేస్త్రి 10 రోజులన్నాడు, మామూలుగా 20 పడుతుంది, ఇసుక దొరక్క, ముహూర్తం కుదరక 60 కూడా పట్టవచ్చు. మధ్య అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే 25 రోజులు. ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో ఆ పనుల వరసను క్రిటికల్ పాత్ అంటారు. ల్యాబ్ రికార్డు సమర్పించే ముందు రాత్రి హాస్టల్లో ప్రతి పనీ క్రిటికలే.

పట్టా చేతికొచ్చాక తెలిసేదేమంటే, దేన్నీ నమ్మకుండా చదివిన ఈ మనిషిని కూడా ఎవరూ నమ్మరు. సొంతింట్లో మెట్లు ఎటు తిరగాలో సిద్ధాంతి చెబుతాడు, పిల్లరులో ఎన్ని కడ్డీలో మేస్త్రి చెబుతాడు. ఇంజనీరూ మేస్త్రీ పేచీ లేకుండా ఒప్పుకునే మాట ఒకటే ఉంది: స్లాబు వేశాక కనీసం 7 రోజులు, ఎండలు ముదిరితే 10 రోజులు, మట్టితో గట్లు కట్టి నీళ్లు నిలపాలి. ఇల్లు కట్టుకునేవారు ఆ ఒక్కటైనా వినాలి.