రీస్టార్ట్ బాబాయ్

మధ్యాహ్నం మూడూ పది దాటిందో లేదో, అకౌంట్స్ గదిలోంచి కేక: "దాదా, ఆబార్ గేలో!" మళ్లీ పోయిందట. పోయింది మనిషి కాదు, డేటాబేస్ సర్వర్. ఏక్‌బాల్‌పూర్‌లో డైమండ్ హార్బర్ రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న మా కోల్‌కతా లారీ రవాణా ఆఫీసులో ఆ కేకకి కదిలే మనిషి ఒక్కరే. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, సొరుగులోంచి తాళాల గుత్తి తీసి, నడుస్తారు. పరిగెత్తరు. పురోహితుడు ముహూర్తానికి పరిగెత్తగా ఎవరైనా చూశారా?

బెంగాలీలకు ఆయన రావుదా. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన తెలుగాయనకి వరస కలపడానికి అయిదు నిమిషాలు చాలు, కాబట్టి నేను చేరిన రోజునే నాకు బాబాయ్ అయిపోయారు. ముందు తగిలించిన 'రీస్టార్ట్' మాత్రం నా కల్పనే.

ప్రింటర్ మొరాయిస్తే రీస్టార్ట్. టీ కుర్రాడి ఫోన్ వేడెక్కితే రీస్టార్ట్. ఎవరిదో పెళ్లి సంబంధం కట్నం దగ్గర ఆగిపోయిందంటే, "ఒకసారి పూర్తిగా ఆపేసి, మళ్లీ మొదట్నుంచీ మాట్లాడమనండి" అన్నారు. విచిత్రమేమిటంటే కుదిరింది!

సర్వర్ ఎందుకు పోతోందంటే మాత్రం రోజుకో కారణం. సోమవారం వోల్టేజీ. మంగళవారం ఏసీ. వాన పడితే ఖిదిర్‌పూర్ రేవు మీంచి వచ్చే తేమ. సెప్టెంబర్ 17న విశ్వకర్మ పూజకి దానికి పెట్టిన కుంకుమబొట్టు ఇంకా చెదరలేదు, వేసిన బంతిపువ్వు మాత్రం ఎండి ఫ్యాన్ జాలీకి అంటుకుపోయింది. నేను పీకబోతే చెయ్యి పట్టుకున్నారు.

"అది ఆడపిల్లరా. మైఎస్‌క్యూఎల్ అన్న దీని పేరులో 'మై' అంటే దాన్ని రాసిన మైకేల్ విడేనియస్ కూతురి పేరు. కసరకూడదు, మెల్లిగా లేపాలి."

ఇది నిజమే. రెండో కూతురు మరియా పేరు తర్వాత మరియాడీబీ అనే ఇంకో డేటాబేస్‌కి పెట్టాడు. ఇలాంటివన్నీ బాబాయ్‌కి కంఠతా వచ్చు. సర్వర్ రాసుకునే లాగ్ చదవడం ఒక్కటే రాదు.

ఓ ఆదివారం నన్ను దగ్గర్లోని భూకైలాస్ శివాలయాలకి తీసుకెళ్లారు. మనకి భూకైలాస్ అనగానే 1958 నాటి సినిమా, రావణుడి వేషంలో ఎన్టీఆర్ గుర్తొస్తారు. ఇక్కడ అదే పేరుతో 18వ శతాబ్దంలో కట్టిన గుళ్లు, లోపల నిలువెత్తు లింగాలు. బాబాయ్ దణ్ణం పెట్టుకుని, "ఆత్మలింగం ఒకసారి డౌన్ అయ్యాక రావణుడు ఎంత లాగినా లేవలేదు. పాపం, ఆయనకి రీస్టార్ట్ తెలీదు" అన్నారు. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

మర్నాడు నేను కూర్చుని లాగ్ తీశాను. డేటాబేస్ తన లాగ్‌లో చావు గురించి ఒక్క ముక్క రాసుకోలేదు. రాస్తూ రాస్తూ ఉండగా వాక్యం ఆగిపోయింది, కింద వెంటనే 'క్రాష్ రికవరీ మొదలు' అని. తలకాయ తెగినవాడు వాంగ్మూలం ఎక్కడిస్తాడు? మరణ ధ్రువపత్రం లైనక్స్ కెర్నల్ దగ్గర దొరికింది: 'అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్ మైఎస్‌క్యూఎల్‌డీ'. మెమరీ నిండుకుంటే కెర్నల్ మామూలుగా ఎక్కువ తింటున్నవాణ్ని పట్టుకుని, మాటా పలుకూ లేకుండా చంపేస్తుంది. మా దాంట్లో తిండిపోతు డేటాబేసే.

ఎందుకంత తింటోంది? పెళ్లి భోజనాల లెక్క. బఫర్ పూల్ అంటే వంటశాలలో గుండిగ, అందరికీ ఒకటే. సార్ట్ బఫర్ అంటే విస్తట్లో వడ్డన, ఎవరిది వాళ్లదే. మా సర్వర్‌కి ఉన్నది 16 జీబీ. గుండిగకే 12 ఇచ్చేశారు. మామూలుగా 256 కేబీ ఉండే వడ్డనని 64 ఎంబీకి పెంచారు. మూడింటికి సాయంత్రం లారీల లిస్టు కోసం మూడు బ్రాంచిల్లోని 60 మందీ ఒకేసారి బంతికి కూర్చుంటే, వడ్డనకే 3.75 జీబీ దాకా కావాలి. ఇక మిగతా సిస్టమ్ ఏం తిని బతకాలి?

పెంచిందెవరని అడగలేదు. సెట్టింగుల ఫైల్లో ఆ వరస పక్కనే రాసి ఉంది: 'స్పీడ్ కోసం. శ్రీరామ.'

ఇంకో సంగతి కూడా బయటపడింది, ఇది ఎవరికీ చెప్పలేదు. కెర్నల్ చంపిన కొద్ది సెకన్లకే సిస్టమ్‌డీ అనే పనివాడు డేటాబేస్‌ని తనంతట తనే లేపుతున్నాడు. రికవరీకి నాలుగు నిమిషాలు. బాబాయ్ తాళం తీసి, బొట్టుకి దణ్ణం పెట్టి, మీట నొక్కేసరికి అది దాదాపు లేచి కూర్చుంటోంది. ఆయన దాన్ని మళ్లీ పడగొట్టి లేపుతున్నారు! అందుకే ఆలస్యం పావుగంట.

గుండిగ 8 జీబీకి దించి, వడ్డన పాత కొలతకి తెచ్చాను. ఫైలు మార్చాక ఒక్క రీస్టార్ట్ కావాలి. ఆ గౌరవం బాబాయ్‌కే ఇచ్చాను.

మూడు వారాలు కిక్కురుమనలేదు. మూడూ పదికి జనం గోడ గడియారం చూడటం, మళ్లీ స్క్రీన్ చూడటం. బాబాయ్ తాళాల గుత్తి సొరుగులోనే. చివరికి నిన్న మా హెడ్‌గుమాస్తా బొడొబాబు స్వయంగా వచ్చి నిలబడ్డాడు. "రావుదా, ఈ మధ్య పోవడం లేదేంటి? మరి టీకి ఎప్పుడు వెళ్లాలి?"

బాబాయ్ కళ్లజోడు నుదుటి మీదికి తోశారు. సొరుగు లాగారు.

"ఎక్కడికి బాబాయ్?"

"ఊరికే, చూసొస్తాన్రా. పాపం, పలకరించి మూడు వారాలైంది."